మూడు చప్పట్లు

ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో మనిషికి లోకమంతా తన మాట కోసమే ఆగి ఉందనిపిస్తుంది. నాకైతే చెన్నూరు బడిలో ఆరో తరగతి గడప దాటేదాకా అలాగే అనిపించింది. జూన్ నెల, రేకుల కప్పు, ఫ్యాను లేని గది. సెలవుల్లో మామిడితోటల్లో అరిచి వచ్చిన గొంతులు ఇంకా చల్లారలేదు. మొదటి వారంలోనే పిల్లలకు అలవాట్లు చేస్తే ఏడాదంతా సుఖపడతావని శిక్షణలో చెప్పి పంపారు. నేను పెట్టిన అలవాటు చాలా సులువైనది. సారు మూడు చప్పట్లు కొడతాడు. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగి, నోటి మీద వేలు పెట్టుకుని, ఎదురుగా ఉన్న పెద్దమనిషి వైపు చూడాలి. అంతే.

అంతే అనుకున్నది నేనొక్కణ్ణే. మొదటి రోజు నేను కొడితే వాళ్ళూ సంబరంగా కొట్టారు. రెండో రోజు ముందు బెంచీలోని ప్రశ్నల పిల్ల (అసలు పేరు చెప్పను, ఇప్పటికీ ఆమె ప్రశ్నలంటే నాకు భయం) లేచి, "సార్, తుమ్ము వస్తే వేలు తియ్యాల్నా, వేలు మీదనే తుమ్మాల్నా?" అంది. వెనక నుంచి ఇంకొకడు, "గీ చెయ్యా సార్, గా చెయ్యా?" అన్నాడు. రెండు వారాలకు నా అరచేతులు ఎర్రబడ్డాయి గాని గది సద్దుమణగలేదు. పక్క గది లెక్కల సారు తొంగిచూసి, "ఏంది సారూ, పొద్దుగాల నుంచి భజన పెట్టినవ్?" అని నవ్వి పోయాడు. ఆ ఉక్రోషంలోనే పెద్దసారు దగ్గరికి వెళ్ళి, మా తరగతి ఇప్పుడు గీసిన గీత దాటదని గొప్పలు చెప్పుకున్నాను. అసలు తప్పు అక్కడ జరిగింది.

ఎందుకంటే ఆ వారమే బడికి సామిల్ సాబు వస్తున్నాడు. కట్టెకోత మిల్లు ఆయనది. ఊళ్ళో ఆయనకు ఆ పేరే స్థిరపడింది. పెద్దసారు నన్ను పిలిచి, "సాబు రెండు ఫ్యాన్లు ఇస్తనన్నడు, నీ గదికే పెట్టిస్త. కాని ఆయనకు చప్పట్లంటే పాణం. ఆయన మాట్లాడుతుంటే నడుమ నడుమ నేను షురూ చేస్త, పిల్లలు అందుకోవాలె. నీ పిల్లలు మంచిగుంటరంటివి గదా, ముందల కూసోబెడ్తున్న" అన్నాడు. నాకు ఫ్యాన్ల గాలి తగిలినట్టే ఉంది గాని, వీళ్ళు ముందు వరుసలో గోల చేస్తారన్న భయంతో మిగతాది చెవికెక్కలేదు. తరగతికి వెళ్ళి గట్టిగా చెప్పాను: "రేపు చప్పుడు చేస్తే ఇక ఆటల పీరియడ్ ఉండదు. మూడు చప్పట్లు వినబడితే వేలు నోటి మీద ఉండాలి."

"ఎవరు కొట్టినా గంతేనా సార్?" అంది ప్రశ్నల పిల్ల.

"ఎవరు కొట్టినా."

మర్నాడు సాబు మైకు అందుకుని, "పిల్లలూ, సదువుకుంటెనే ఇజ్జత్" అన్నాడు. పెద్దసారు లేచి గట్టిగా మూడు చప్పట్లు కొట్టాడు. ముందు వరుసల్లో వేళ్ళన్నీ ఒక్కసారిగా నోళ్ళ మీదికి వెళ్ళాయి. కళ్ళన్నీ సాబు మీద నిలిచాయి. రెండు వారాలుగా నేను కలలుగన్న నిశ్శబ్దం అదే. రావలసిన రోజుల్లో రాక, రాకూడని రోజున వచ్చింది. సాబు తడబడి, "జర ఇంకొక్క మాట..." అన్నాడు. పిల్లలకు వినబడలేదనుకుని పెద్దసారు మళ్ళీ మూడు కొట్టాడు. వేలు దించిన ఒకరిద్దరు కూడా మళ్ళీ పెట్టుకున్నారు. ఇలా కొట్టండర్రా అని చూపించబోయి పక్క నుంచి నేనూ కొట్టాను (ఇంతకంటే తెలివితక్కువ పని నేను ఇప్పటిదాకా చేయలేదు). అందరూ నా వైపు తిరిగి వేళ్ళు ఇంకా గట్టిగా నొక్కుకున్నారు. ప్రశ్నల పిల్ల మొహంలో, చూసినవా సార్ ఎట్లున్నమో అన్నంత గర్వం.

"క్యా సార్, బంద్ చెయ్యమంటుండ్రా?" అన్నాడు సాబు, మొహం ఎర్రబడి. మైకు బల్ల మీద పెట్టేశాడు. ఇంకా రాని ఫ్యాన్లు తిరగకముందే ఆగిపోయినట్టు కనబడ్డాయి నాకు.

నేను ముందుకు వెళ్ళి, పిల్లల తప్పేమీ లేదని, అలవాటు నాదని, ఎవరు కొట్టినా అన్న మాట కూడా నాదేనని నీళ్ళు నములుతూ చెప్పాను. మహిళా టీచర్ల పక్కన కూర్చున్న సాబు బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "నిఖా అయినకాడి నుంచి జర ఊకోండ్రి అంటున్న, నాతోని కాలే. గీ పోరగాండ్లు వేలుతోని ఆపిండ్రు." సాబు కోపంగానే ఉండాలని కాసేపు ప్రయత్నించాడు, వల్ల కాలేదు. "ఫ్యాన్లు రేపు పంపిస్త సార్. గా చప్పట్ల కథ మాత్రం మా బేగంకు నేర్పకుండ్రి" అన్నాడు.

ఫ్యాన్లు వచ్చాయి. రేకుల కింద వాటి మోత ఎంతంటే, ఆ తర్వాత నా చప్పట్లు ఒక్కరికీ వినబడలేదు.

మొన్న నా పదవీ విరమణ సభలో మైకు నా చేతికిచ్చారు. క్రమశిక్షణ గురించి ఎంతసేపు మాట్లాడానో నాకే తెలియదు. పిల్లల నోళ్ళు మూయించడానికి పడ్డ పాట్లలో సగం నా నోటి మీద పడి ఉంటే మంచి పంతులునయ్యేవాణ్ణేమో. రెండో వరుసలోంచి మూడు చప్పట్లు వినబడ్డాయి. మాట సగంలోనే ఆగిపోయింది, నా వేలు దానంతటదే నోటి మీదికి వెళ్ళింది. అక్కడ ప్రశ్నల పిల్ల, ఒళ్ళో తన మనవణ్ణి కూర్చోబెట్టుకుని, వాడి చెవిలో అంటోంది: "చూసినవా బిడ్డా, మా సారుకు ఇన్నేండ్లకు అలవాటయ్యింది."