జూన్ ఒకటిన పుట్టినోళ్ల సారు

యావన్మంది వాహనదారులకు తెలియజేయునది ఏమనగా, హైస్కూలు గేటు ఎదురుంగ ఉన్న పంక్చర్ షాపు మూడు దినాలు బంద్. ఈ మూడు దినాల్లో గాలి పోయిన సైకిళ్లు, మోటార్‌సైకిళ్లు, పామాయిల్ గెలలు మోసే ట్రాక్టర్లు ఎక్కడివక్కడ నిలబడవలెను. మరీ జల్దీ ఉన్నోళ్లు నోటితో ఊదుకోవలెను. షాపు బెంచీ మీద కూసొని పుణ్యానికి పేపర్ చదివేటోళ్లు మూడు దినాలు లోకంలో ఏమైతుందో తెల్వకుండనే బతకవలెను. ఇది షాపు ఓనరు ఆజ్ఞ. కారణం, మా డ్రిల్లు సారు పోయిండు.

సోమవారం పొద్దుగాల భద్రాచలం దవాఖానాలో పాణం పోయిందట. అంబులెన్స్ బడి ముందు నుంచే వచ్చింది. లోపల పిల్లలు ప్రార్థనకు వరుస కట్టి ఉన్నరు. సారు ఉన్న రోజుల్లో గిట్ల వంకర వరుస కడితే ఊరుకునేటోడు కాదు. బండి ఆగలే, పోయింది.

పూర్వ విద్యార్థులు సారు యాదిలో పుస్తకం అచ్చేస్తున్నరు. "గేటు ముందర ఇరవై ఏండ్ల నుంచి ఉన్నోడివి, నువ్వు గూడ రెండు పేజీలు రాయి" అన్నరు. పదో తరగతి పాస్ కానోణ్ణి రాయమనుడే పెద్ద తప్పు. మిగతా పేజీలన్నిట్ల సారు దేవుడని ఉంటది, నాకు తెలుసు. ఉండనియ్యండి. సారు నాకు ద్రోహం చేసిండు. అది గూడ ఒక మూలన ఉండాలె గదా.

తెల్వనోళ్లకు చెప్తున్న. మా హైస్కూలు ఒకటి గాదు, రెండు. రోడ్డు మీద పెంకుల పాత బడి, ఆరు, ఏడు తరగతులకు. వాగు దాటినంక గుట్ట మీద కొత్త బడి, ఎనిమిది నుంచి పది దాకా. హెడ్మాస్టరు ఎటు ఉంటే రెండో దిక్కు పండుగే. వాగు వస్తే బడి రెండు ముక్కలైతది. గ్రౌండు మాత్రం ఒక్కటే, వాగు ఒడ్డు మీద. సారు మెడలో విజిల్, సైకిల్ హ్యాండిల్‌కు సున్నం డబ్బా. పొద్దుగాల మేం వచ్చేసరికే కబడ్డీ కోర్టు తెల్లగా మెరుస్తుండేది. గీత మీదికెళ్లి ఆయన గూడ నడిచేటోడు గాదు, చుట్టూ తిరిగిపోయేటోడు. "గీసింది నేనే గానీ, నాక్కూడ గీతేరా ఇది" అనేటోడు.

అడవి ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు తెలుగు సరిగ్గ రాకపోతే, సారే వాళ్ల మాట నాలుగు ముక్కలు నేర్చుకొని డ్రిల్లు చెప్పిండు. తప్పు పలికేటోడు. వాళ్లు నవ్వేటోళ్లు, నవ్వుకుంట ఉరికేటోళ్లు. ఒకేడు గవర్నమెంటు బూట్లు పంపింది, అన్నీ ఒకటే సైజు. మా రన్నింగు పిల్లలు వాటిని లేసుతో మెడకేసుకొని, ఉత్త కాళ్లతో ఉరికి, అశ్వారావుపేట పోటీల్లో కప్పు పట్టుకొచ్చిన్రు. కప్పుతో దిగిన ఫొటోలో చూడండి, ఒక్కొక్కడి మెడలో బూట్లు దండ లెక్క ఉంటయి. హెడ్మాస్టరు రూములో గెలిచిన ఆటలు, కెప్టెన్ల పేర్లు రాసే చెక్క బోర్డు ఒకటుంటది. నల్ల రంగు మీద తెల్ల పెయింటు. మా బడి చరిత్ర అంతా ఆ బోర్డే. నా చరిత్ర గూడ అదే, ఎందుకంటే అందులో నేను లేను.

నేను బడికి లేటుగ వచ్చిన. గొడ్లు కాసి, కాసి, ఇగ మీసం వచ్చేటట్టుందని మా నాయిన తోలుకొచ్చిండు. సారు రాత గుండ్రంగ ఉంటదని అడ్మిషన్ రిజిస్టరు ఆయనే రాసేటోడు.

"ఎప్పుడు పుట్టిండే?"

"గోదారి మస్తు పెద్దగొచ్చిన ఏడు సారూ. వాళ్లమ్మ మంచం గుట్ట మీద ఉన్నప్పుడు."

"తారీఖు అడుగుతున్న."

"వానలు సారూ. తారీఖు ఎవరు చూసిన్రు?"

సారు జూన్ ఒకటి అని రాసిండు. మా బడిలో అందరం జూన్ ఒకటినే పుట్టినం. ఆ రోజు ఎండాకాలం సెలవులు కాబట్టి ఎవ్వడూ చాక్లెట్లు పంచే బాధ లేదు. పుట్టిన ఏడు గూడ సారే తేల్చిండు. "రెండేండ్లు తగ్గించి రాస్తున్న. రేపు కొలువుకు పనికొస్తది." మా నాయిన దండం పెట్టిండు. నేను రెండేండ్లు చిన్నోణ్ణయి క్లాసులకు పోయిన.

కూత నేర్పింది సారే. కబడ్డీలో అవతలి కోర్టుకు పోయినోడు ఊపిరి తెగకుండ కూత పెట్టాలె గదా, దానికి ఆయన పద్ధతి వేరు. బోరింగు కాడ ఇనుప తొట్టి నిండ నీళ్లు. అందులో మొఖం ముంచాలె. ఆయన పక్కన కూసొని నీళ్లను చూసేటోడు. బుడగ వచ్చిందంటే ఊపిరి జారినట్టే, మళ్ల మొదటి నుంచి. "బుడగ రానియ్యకు కెప్టెన్, బుడగ రానియ్యకు" అని నీళ్ల పైనుంచి మెత్తగ వినపడేది. నన్ను కెప్టెన్ అని పిలిచిన మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే. మా నాయిన గూడ 'ఒరేయ్' అనే పిలిచిండు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల, నేను పదిలో ఉన్న ఏడు, నేను కెప్టెన్‌గ మా టీము భద్రాచలం దాకా పోయింది. ఫైనల్. ఆ ఆట ఆడితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటొస్తదని సారు మా నాయినకు మాటిచ్చిండు. కోర్టులోకి దిగబోతుంటే అవతలి బడి సార్లు నా మీసం చూసి అడ్డం పడ్డరు. వీడు పిల్లగాడా, పిల్లల తండ్రా అన్నరు. టేబుల్ కాడ కూసున్న ఆఫీసరు సర్టిఫికెట్టు తిప్పి తిప్పి చూసి, "తప్పు తేలితే మీ టీమంతా బయటికి. ఈ తేదీ రాసినాయన కొలువుకు గూడ ఇబ్బందే" అన్నడు.

నేను సారు దిక్కు చూసిన. సారు నా దిక్కు చూడలే.

"పిల్లగాడు చెప్పిందే రాసుకున్నం సార్," అన్నడు. "మమ్మల్ని మోసం చేసిండు. వీణ్ణి తీసేసి మిగతోళ్లను ఆడనియ్యండి."

గంతే. జెర్సీ అక్కడనే విప్పించిన్రు. ఎక్స్‌ట్రా పిల్లగాడు దాన్ని తొడుక్కున్నడు, నా చెమట ఆరకముందే. టీము గెలిచింది. బోర్డు మీద కెప్టెన్ అని వైస్ కెప్టెన్ పేరు ఎక్కింది, హాస్టల్ సీటు గూడ వానికే. ఇప్పుడు పోలీసు. నా కాడనే గాలి కొట్టించుకుంటడు, మంచోడే, వానిమీద నాకేం లేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సారు పులిహోర పొట్లం నా ఒళ్లో పెట్టిండు. గోదారి బ్రిడ్జి మీద కిటికీలకెళ్లి ఇసిరేసిన. ఊర్లో నాకు 'దొంగ వయసోడు' అని పేరు పడింది. మళ్ల బడికి పోలే. గేటు ముందర పంక్చర్ షాపు పెట్టుకున్న. ఎందుకంటే, రోజూ ఆయనకు కనపడాలె గదా!

నేను ఊరుకునే రకం గాదు. ఆయన విజిల్లో గింజ తీసేసిన. ఇండిపెండెన్స్ డే పరేడ్‌లో సారు బుగ్గలు ఉబ్బించి ఊదితే 'ఉస్స్' మంది, పిల్లలు ఎటు తిరగాల్నో తెల్వక ఒకరి మీద ఒకరు పడ్డరు. ఇంకోసారి సున్నం డబ్బాలో బియ్యప్పిండి పోసిన. ఇంటర్‌వెల్ కల్లా తెల్ల గీతలన్నీ నల్లబడ్డయి. కోర్టు చుట్టూ చీమలు, సెంటర్ లైన్ మీద గూడ చీమలు, ఎంత బుద్ధిగ వరుస కట్టినయంటే, సారు ముప్పై ఏండ్లలో గంత మంచి వరుస కట్టించి ఉండడు. ఆయన గోనె సంచితో దులపలే. చీమలు పిండి మొత్తం మోసుకపోయే దాకా ఆట బంద్ పెట్టి, గట్టు మీద కూసున్నడు. నా షాపు దిక్కు ఒక్కసారి చూసి మళ్ల చీమలను చూసుకుంట కూసున్నడు.

ఆయన సైకిల్‌కు నేనే గాలి తీసి నేనే కొట్టిన. ఎన్నిసార్లో లెక్క లేదు. "మళ్ల గాలి పోయిందిరా" అని నూక్కుంట వచ్చేటోడు. ఇంకో షాపు ఉంది బస్టాండు కాడ. పోలే. రిటైరైనంక గూడ, గ్రౌండుకు పనేం లేకున్న, నా కాడికే వచ్చిండు. నేను గాలి కొడుతున్నంత సేపు నిలబడేటోడు. భద్రాచలం ఆట ముచ్చట ఇద్దరం ఎత్తేటోళ్లం గాదు.

మొన్న దవాఖానాకు పోయిన. అరటిపండ్లు పట్టుకపోయిన. బక్కగైండు సారు, మెడలో విజిల్ లేక మెడ ఇంకా బక్కగ కనపడ్డది. నా చెయ్యి పట్టుకున్నడు. "కెప్టెన్, ఆ రోజు గీత దాటింది నేనురా" అన్నడు. "కొలువు పోతదని భయపడ్డ. ఇంట్లో చిన్న బిడ్డ. నువ్వు పిల్లగానివి, తట్టుకుంటవనుకున్న. బోర్డు మీద నీ పేరు రాయిస్త, హెడ్మాస్టరుకు చెప్త" అన్నడు. నేను "కానియ్యి సారూ, ఆ పెయింటు గూడ నేనే కొనాల్నా?" అన్న. ఇద్దరం నవ్వినం. నా కోపం అక్కడ పోయింది.

ఇంతదాకా చదివినోళ్లకు ఒక సంగతి చెప్పాలె. పుస్తకం అచ్చయితది, సారు బిడ్డ చదువుతది, ఆమెకు తెలుసు కాబట్టి చెప్పక తప్పదు. ఈ కాగితంలో మిగతాదంతా నిజం. దవాఖానా ముక్క నేను పుట్టించింది. నేను పోలే. అరటిపండ్లు లేవు, చెయ్యి పట్టుకునుడు లేదు. ఆ మాటలు సారు అంటే బాగుండునని ఇరవై ఏండ్ల నుంచి నేను మనసుల అనుకుంటున్న మాటలు. నా పుట్టిన తారీఖు ఆయన రాసిండు, ఆయన ఆఖరి మాట నేను రాసిన.

జరిగింది ఇది. సారు బిడ్డ స్కూటీ మీద రెండుసార్లు వచ్చింది. మొదటిసారి షాపులో ఉండి లేనని చెప్పించిన. రెండోసారి తప్పించుకునే జాగ లేదు, షాపు నీళ్ల తొట్టి ముందర కూసొని ఉన్న.

"అన్నా, నాయిన నిన్ను ఒక్కసారి రమ్మంటున్నడు. నీతోటి ఏదో చెప్పాల్నట. నాకు చెప్పుమంటే చెప్తలేడు."

"టైరు విప్పిన చెల్లే. ఇది పూర్తి చేసి వస్త."

ఏం చెప్తుండెనో నాకు తెల్వదు. తప్పయిందంటుండెనో, చీమల సంగతి అడుగుతుండెనో. విజిల్ గింజ ఎక్కడ పెట్టినవురా అంటుండెనో.

ఆమె పోలే. స్కూటీ ఆపి, బడి గోడ నీడలో నిలబడ్డది. నేను ట్యూబు నీళ్లల్ల ముంచి, కొంచెం కొంచెం తిప్పుకుంట, చిల్లు ఎక్కడుందా అని చూస్తున్న. ఆ ట్యూబుకు చిల్లు లేదు. పొద్దుగాలనే బాగు చేసి పెట్టింది. అయినా తిప్పిన. ఒక చుట్టు, రెండు చుట్లు. ఆమె స్కూటీ స్టార్టయిన చప్పుడు వినపడ్డది, నేను తల ఎత్తలే. మొఖం నీళ్లకు దగ్గరగ పెట్టి చూస్తనే ఉన్న. ఒక్క బుడగ గూడ రాలే.