మస్తాన్ బాబాయి నొక్కితేనే రింగు

2019లో దాచేపల్లి దగ్గర ఒక సిమెంట్ ఫ్యాక్టరీ ఆఫీసులో పాత ఫోన్లు తీసేసి, ఇంటర్నెట్ తీగ మీద నడిచే ఐపీ ఫోన్లు పెట్టాను. నలభై ఫోన్లు ఒక్క పూటలో బిగించానని అందరికీ చెబుతుంటాను. నిజానికి పన్నెండు ఫోన్లు, మూడు రోజులు.

పాత ఫోన్లలో బయటి లైను కావాలంటే ముందు 9 నొక్కాలి. ఇక అక్కర్లేదని అందరికీ చెప్పాను. అయినా అలవాటుకొద్దీ నొక్కేవాళ్లుంటారని డయల్ ప్లాన్‌లో ఒక రూల్ రాశాను. డయల్ ప్లాన్ అంటే, మనం నొక్కిన నంబరును ఫోన్ సరిదిద్ది బయటికి పంపే పద్ధతి. నా రూలు ఇది: మొదట 9 ఉంటే తీసెయ్యి. నా సెల్‌కి చేసి చూశాను, మోగింది. దర్జాగా ఇంటికొచ్చాను.

వారం తిరగకుండా మేనేజర్ పిలిపించాడు. లోడు సిద్ధమైందని గుమస్తా కరీముల్లా లారీ డ్రైవర్లకు చెప్పడం లేదట.

"చేస్తానే ఉన్నా సార్! కొందరికి పోతంది, కొందరికి పోవట్లా," అన్నాడు కరీముల్లా.

"ఏదీ, నాకు చెయ్." మేనేజర్ సెల్ మోగింది. "చూశావా? రేపటికి తేలకపోతే ఇంటికి పో."

నాకు బుర్ర పనిచేయలేదు. తీగలోకి సిమెంటు దుమ్ము దూరిందన్నాను.

"దుమ్ము నంబర్లు చూసి పడతదా?" అన్నాడు మేనేజర్.

తీగ మార్చాను. ఫోన్ మార్చాను. ఒకే డ్రైవర్ నంబరు, కరీముల్లా నొక్కితే చప్పుడే లేదు. టీ ఇచ్చే మస్తాన్ బాబాయి నొక్కితే రింగు!

"నా యేలు ఏం పాపం చేసింది బాబాయ్?" అన్నాడు కరీముల్లా, ఏడుపొక్కటే తక్కువగా.

మళ్లీ నొక్కమని, మస్తాన్ వేలి పక్కనే ముఖం పెట్టాను. పదంకెల నంబరుకు పదకొండు నొక్కాడు.

"ముందు ఆ తొమ్మిది ఏంది బాబాయ్?"

"అది కొట్టకపోతే లైనెట్టా వస్తది? ఇరవై ఏళ్లుగా కొడతన్నా. నువ్వొద్దంటే మానేస్తానా ఏంది!"

నా రూల్ గుర్తొచ్చింది. ఆ డ్రైవర్ నంబరు 9తో మొదలు. నా రూల్ ఆ 9ని మింగేసి తొమ్మిదంకెలే పంపుతోంది. మస్తాన్ నొక్కినప్పుడు మింగడానికి ఇంకో 9 ఉంది. నా నంబరూ, మేనేజర్ నంబరూ 8తో మొదలు, అందుకే మోగాయి.

పదకొండంకెలుంటేనే మొదటి 9 తీసెయ్యమని రూల్ మార్చి, మేనేజర్ ముందు నిలబడ్డాను. "తప్పు కరీముల్లాది కాదు సార్, నాది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఇదన్నా నిజమేనా?"

కరీముల్లా అప్పటికే ఫోన్ అందుకున్నాడు. "అన్నా, లోడు రెడీ, వచ్చెయ్!"

నాటి నుంచి నా నంబరుతో పరీక్షించడం మానేశాను. ఫోన్ వాడేవాళ్ల చేతే, వాళ్లు రోజూ చేసే నంబర్లు నొక్కిస్తాను. ముఖ్యంగా, నా మాట వినని మనిషెవరో వెతికి ఆయన వేలు చూస్తాను.