అబద్ధానికి కుట్టిన బ్యాగు

నిన్న పొద్దున బ్యాగు జిప్పు సగంలో పట్టేసింది. రైలుకు వేళవుతోంది. మా ఆవిడ రత్నమ్మ నా చేతిలోంచి బ్యాగు లాక్కుని, కరెంటు పోతే వెలిగించే కొవ్వొత్తి ముక్క ఒకటి తెచ్చి జిప్పు పళ్ళ మీద రెండుసార్లు రుద్దింది. జిప్పు సుతారంగా జారిపోయింది. ఆ మైనం వాసన ముక్కుకు తగలగానే నేను రైలు మాట మరిచి గడపలోనే నిలబడిపోయాను. రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టు వెనక, రేకుల నీడలో, కాళ్ళతో తొక్కే కుట్టుమిషను ముందు కూర్చుని ఆరోగ్యం అన్న అచ్చం ఇలాగే జిప్పులకు కొవ్వొత్తి రుద్దేవాడు. చర్చిలో కాలగా మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకునేవాడు. "దేవునికి సగం, జిప్పుకి సగం" అనేవాడు.

ఆయన పూర్తి పేరు ఆరోగ్యస్వామి. మా ఊళ్ళో బంగారు గనులు నడిచిన రోజుల్లో భూమి లోపల గాలిని కావలసిన వైపు మళ్ళించడానికి క్యాన్వాసు తెరలు కట్టేవారు. ఆ తెరలు కుట్టడం, చిరిగితే లోపలికి దిగి అక్కడే అతుకు వేయడం ఆయన పని. గనులు మూతపడ్డాక అదే సూదితో, అదే మైనపు దారంతో బ్యాగులు కుట్టసాగాడు. ఒకసారి చీకట్లో తెరతోపాటు తన చొక్కా కూడా కలిపి కుట్టేసుకుని, షిఫ్టు ముగిసేదాకా అక్కడే వేలాడాడని నేను ఊరంతా చెప్పాను. అది నేను అల్లిన కథ. ఆ కథ తిరిగి తిరిగి ఆయన చెవినే పడింది. కోప్పడతాడనుకున్నాను. దారం కొరికి తెంపుతూ, "నా చొక్కా కాదప్పా, మేస్త్రీ చొక్కా" అన్నాడు. ఆయన నన్ను మించిపోయాడో, నిజమే చెప్పాడో నాకిప్పటికీ తెలియదు.

గనులు మూతపడ్డ ఏడెనిమిదేళ్ళకు, నలభై దాటిన వయసులో, నాకు బెంగళూరులో ఉద్యోగం దొరికింది. ఇంటింటికీ తిరిగి నీళ్ళ ఫిల్టర్లు చూపించి అమ్మాలి, అమ్మినవాటిని బిగించాలి. అంతకుముందు పట్టుగూళ్ళ మార్కెట్లో దళారి దగ్గర, షామియానాల అంగడిలో, ఇంకా చెప్పుకోదగని మరికొన్నిచోట్ల పనిచేసి ఉన్నాను. నెలనెలా జీతం వచ్చే పని అదే మొదటిది. మూడు నెలలు చూసి, పనికొస్తే ఉంచుకుంటామన్నారు. నేనేమో నా సరంజామా అంతా ఎవరి పెళ్ళిలోనో ఇచ్చిన పసుపు గుడ్డసంచిలో వేసుకుని, వధూవరుల పేర్లు లోకానికి చాటుతూ తిరిగేవాణ్ణి. మూడో నెల మొదట్లో మా సూపర్‌వైజరు ప్రభాకర్ పిలిచాడు. చిత్తూరు వైపు మనిషి, మాట సూటి. "మునిరాజూ, అపార్ట్‌మెంటు కాడ వాచ్‌మన్ నిన్ను పాతపేపర్లోడు అనుకున్నాడంట. తలుపు తీసినోళ్ళు ముందు నీ మొఖం చూడరు, చేతిలోది చూస్తారు. మంచి బ్యాగు ఒకటి చూసుకో. నెలాఖరు సోమవారం నీతో నేనూ వస్తాను. ఆ పొద్దు చూసి రాసేస్తాను, ఉంచేదీ లేనిదీ."

నలభై దాటిన మగవాడికి బ్యాగు దొరకడమంటే గనిలో బంగారం దొరకడం కన్నా కష్టమని అప్పుడు తెలిసింది. ఊళ్ళో ఉన్న అంగళ్ళన్నీ తిరిగాను. ఒకదాని మీద గాలిలో ఎగిరే బొమ్మ, ఇంకొకదాని మీద పుర్రె. ఒకదానికి ఎక్కడ చూసినా వేలాడే తాళ్ళే. కొండలెక్కేవాళ్ళదట ఇంకొకటి, రొమ్ముకు అడ్డంగా రెండు పట్టీలు బిగిస్తే విమానంలోంచి దూకబోతున్నవాడిలా ఉన్నాను. చివరికి ఎర్రగీతల నల్లబ్యాగు ఒకటి తగిలించుకుని ఇంటికి పోయి అద్దం ముందు నిలబడ్డాను. రత్నమ్మ పొయ్యి దగ్గర నుంచే చూసి, "పదో తరగతి ఇంగా తప్పతానే ఉండే పిల్లోని మాదిరి ఉండావు" అంది. ఆ బ్యాగును ఆ సాయంత్రమే వాపసు ఇచ్చేశాను.

అప్పుడు వెళ్ళాను ఆరోగ్యం అన్న దగ్గరికి. నలభై దాటినవాడికి తగిన బ్యాగు కుట్టమన్నాను. ఆయన టేపు తీయలేదు. "ఆ మటన్ అంగడి దాకా పోయి రా" అన్నాడు. వెళ్ళి వచ్చాను. "ఎడమ బుజం దిగిపోయుండాది. ఇన్నాళ్ళూ ఆ పక్కనే మోసినావు. కూకో. ఇంగ చెప్పు, ఏమేం పెట్టుకుంటావు?"

పక్కన బెంచీ మీద కుట్టు కోసం వచ్చినవాళ్ళు ముగ్గురు నలుగురు కూర్చుని ఉన్నారు. నలుగురు వినేచోట నిజం చెప్పడం నాకు మొదటినుంచీ అలవాటు లేదు.

"లాప్‌టాప్ అన్నా" అన్నాను.

"ఇంగ?"

"ఫైళ్ళు."

"అన్నం?"

"ఆఫీసులోనే క్యాంటీను ఉండాది."

కళ్ళజోడు పైనుంచి నన్ను ఒకసారి చూశాడు. "సరే" అన్నాడు. అంతే.

పది రోజులకు బ్యాగు చేతికిచ్చాడు. ముదురు ఆకుపచ్చ క్యాన్వాసు, తోలు పట్టీలు, మెరవని ఇత్తడి బకెల్సు, పైన జిప్పు. ఎక్కడా ఒక బొమ్మ లేదు, ఒక అక్షరం లేదు. కుట్టు చీమలబారులా వంకర లేకుండా సాగింది. భుజాలకు తగిలించుకుంటే వీపు దానంతటదే నిటారుగా అయింది. రత్నమ్మ పొయ్యి వదిలి తలుపు దాకా వచ్చి నిలబడింది. పదహారేళ్ళ కాపురంలో అదే పెద్ద బిరుదు. ఒక్కటే చిక్కు. బ్యాగు పలకంత పలుచగా ఉంది. లాప్‌టాప్, ఫైళ్ళు పెట్టుకునేవాడికి అమరినట్టుంది. నా టిఫిను డబ్బా మాత్రం అందులో నిలబడలేదు. అడ్డంగా తోస్తే దూరింది. స్పానర్లను ప్యాంటు జేబుల్లో వేసుకుని గలగలలాడుతూ నడిచాను.

మా ఊరి రైలు సంగతి చెప్పాలి. రైలు మొదలయ్యే మారికుప్పంలో ఎక్కినవాళ్ళకు సీటు, తర్వాత ఎక్కినవాళ్ళకు నిలువు. నిలబడ్డవాళ్ళ బ్యాగులను కూర్చున్నవాళ్ళు అడక్కుండానే అందుకుని ఒళ్ళో పెట్టుకుంటారు. అది మా రైలు మర్యాద. ఒక్కొక్కరి ఒళ్ళో మూడేసి బ్యాగులుంటాయి, ఎవరిదేదో దిగేటప్పుడు చూసుకుంటారు. ప్రభాకర్ వస్తానన్న సోమవారానికి ముందటి శనివారం నా బ్యాగు థామస్ సార్ ఒళ్ళోకి పోయింది. ఆయన ఒక ఆఫీసులో పెద్ద గుమాస్తా. ఏడాది పొడవునా తెల్లప్యాంటే.

"జాగ్రత్త సార్, లాప్‌టాప్ ఉండాది లోపల" అన్నాను, పెట్టెలో చివరివాడికి కూడా వినబడేట్టు. థామస్ సార్ తక్కిన బ్యాగులను పక్కవాడికిచ్చి, నాదాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. నేను ఊరికే ఉండక, ఆ లాప్‌టాప్ విమానంలో వచ్చిందనీ, అందులో కర్ణాటకలోని బావులన్నిటి నీటి లెక్కా ఉందనీ చెబుతూ పోయాను. బంగారుపేట దాటాక థామస్ సార్ మెల్లగా తలెత్తాడు.

"మునిరాజప్పా."

"చెప్పండి సార్."

"నీ లాప్‌టాప్ కారతా ఉండాది."

ఉలవచారు. తెల్లప్యాంటు మీద మోకాలి దాకా. పెట్టెలో నవ్వు మొదలైంది, బెంగళూరు వచ్చేదాకా ఆగలేదు. దిగేటప్పుడు ఎవరో వెనకనుంచి అరిచారు, "అన్నా, ఈసారి లాప్‌టాప్‌లో రాగిముద్ద కూడా పెట్టించుకో!" థామస్ సార్ మాత్రం జేబురుమాలుతో ప్యాంటు తుడుచుకుంటూ దిగిపోయాడు. ఆయన నాలుగు తిట్టి ఉంటేనే బాగుండేది.

పని సగంలో వదిలి మధ్యాహ్నం రైలుకే వెనక్కి వచ్చేశాను. సోమవారం ప్రభాకర్ వస్తాడు. చేతిలో చారు కంపుకొట్టే బ్యాగు. ఆ జీతం పోతే మళ్ళీ షామియానాల అంగడే. సిగ్గు మింగుకుని రేకుల నీడ కిందికి పోయాను. బెంచీ ఖాళీగా ఉంది. ఆరోగ్యం అన్న బ్యాగు అందుకుని వాసన చూశాడు.

"ఉలవ సారు. వెల్లుల్లి జాస్తి పడింది" అన్నాడు. తర్వాత మిషను మీది గుడ్డముక్కలన్నీ పక్కకు నెట్టి బల్ల ఖాళీ చేశాడు. "తీయి. నువ్వు నిజంగా మోసేవన్నీ ఈడ పెట్టు."

టిఫిను డబ్బా పెట్టాను. జేబుల్లోంచి రెండు స్పానర్లు తీశాను. పైపు ముక్క, తుడిచే గుడ్డ, రసీదు పుస్తకం, తువాలు, బీపీ మాత్రలు. చిట్టచివర, రుమాల్లో చుట్టిన చదువుకునే కళ్ళజోడు.

"ఎవరిదిది?"

"నాదేనన్నా."

"పెట్టుకోవా?"

"ముసలోని మాదిరి ఉంటాను."

ఆయన నవ్వాడు, కడుపు కదిలేలా. "నలబై దాటినోనికి తగింది కుట్టమంటివి. ఆ నలబై యాడ దాచిపెట్టినావో ఇప్పుడు కదా తెలిసింది!"

నాకు రోషం వచ్చింది. "లాప్‌టాప్ లేదని నీకు ముందే తెలుసు కదన్నా. అయినా ఎందుకు కుట్టినావు?"

"కొలతలు నువ్విచ్చినావు. కుట్టు నాది." తర్వాత ఇంకాస్త మెత్తగా అన్నాడు. "గని లోపల తెర ఉత్త సోకుకి కడితే గాలి రాదప్పా. మనిషి యాడ పని చేస్తా ఉంటాడో చెప్తేనే ఆడికి గాలి వస్తాది. నేను పైన కూకొని ఎట్ల కనుక్కోను? లోపలుండేవాడు చెప్పాల."

రేపటికల్లా విప్పి కుట్టమని బతిమాలాను. తల అడ్డంగా ఊపాడు. ఆదివారం ఆయన సూది ముట్టడు. గనిలో కూడా ఆదివారం షిఫ్టు ఒప్పుకోని మనిషి. "సోమారం నీ రైలు ఎన్నిటికి?" అని అడిగాడు. చెప్పాను. "పో, చూస్తాం" అన్నాడు. అంటే లేదనే అనుకుని, బ్యాగు అక్కడే వదిలి వచ్చాను. ఆదివారమంతా ఆ పసుపు సంచిని ఉతికి ఆరేసి, ఉద్యోగం పోయాక ఊళ్ళో ఏం కథ చెప్పాలో అల్లుకుంటూ కూర్చున్నాను.

సోమవారం తెల్లవారుతుండగా స్టేషనులో నిలబడి ఉన్నాను. ప్లాట్‌ఫారం అవతలి కొసనుంచి ఒక మనిషి వస్తున్నాడు. వీపున ఆకుపచ్చ బ్యాగు, చేతులు రెండూ ఖాళీగా ఊగుతున్నాయి, తొందర లేదు, వంగడం లేదు. ఎవరో పెద్ద ఆఫీసరు అనుకున్నాను. దగ్గరికి వస్తే ఆరోగ్యం అన్న. అరవై దాటిన మనిషి, ఉతికిన లుంగీ, కాళ్ళకు హవాయి చెప్పులు. అయినా ఆ బ్యాగు ఆయనమీద ఎంత ఠీవిగా ఉందంటే, అంగళ్ళన్నీ తిరిగి నేను వెతికింది ఏమిటో అక్కడ నడిచి వస్తూ కనబడింది.

"మొదటి షిఫ్టుకి లేసినోణ్ణి. నాలుగింటికి మెలకువ యాడికి పోతాది?" అన్నాడు. బ్యాగు తెరిచి చూపించాడు. అడుగున డబ్బా నిలువుగా కూర్చునే గది, లోపల రబ్బరు గుడ్డ. పక్కల స్పానర్లకు ఒరలు. భుజం పట్టీకి, చెయ్యి పెట్టగానే తగిలేచోట, కళ్ళజోడుకు చిన్న జేబు. "అది దాచేదానికి కాదు, తీసేదానికి" అన్నాడు.

ఆ రోజు మూడో అంతస్తులో తలుపు తీసిన పెద్దావిడ, "ఇంజనీరా మీరు?" అని అడిగింది. అవునని నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన ప్రభాకర్ ఉన్నాడు. నా చెయ్యి పట్టీ మీద ఉంది. కళ్ళజోడు తీసి పెట్టుకుని, "కాదమ్మా, బిగించేవాణ్ణి. మీ ఫిల్టరు మీద చిన్న అక్షరాలు చదివి చెప్తాను" అన్నాను. చదివాను. ఆవిడకున్న పాత ఫిల్టరు ఇంకో ఏడాది పనిచేస్తుందని చెప్పాను. అదీ నిజమే. ఆవిడ మంచినీళ్ళిచ్చి, కింది అంతస్తులో ఉన్న చెల్లెలి ఇంటికి పంపింది. అక్కడ రెండు అమ్ముడయ్యాయి.

కిందికి దిగుతుంటే ప్రభాకర్ అడిగాడు, "బ్యాగు బాగుండాది. ఏ కంపెనీది?"

"బంగారు గని లోపల తెరలు కుట్టినాయన కుట్టినాడు సార్, ఈ పొద్దు తెల్లారి."

పడీ పడీ నవ్వాడు. "నీ కథలూ నువ్వూ!" అన్నాడు. నేను అతనికి చెప్పిన కథల్లో నిజమైనది అదొక్కటే, దాన్నే అతను నమ్మలేదు. అయినా కాగితం మీద సంతకం పెట్టాడు. థామస్ సార్‌కు కొత్త తెల్లప్యాంటు గుడ్డ తీసిచ్చాను. ఆయన వద్దు వద్దంటూనే తీసుకున్నాడు.

ఆరోగ్యం అన్న పోయి నాలుగేళ్ళు. చివరి రోజుల్లో అడిగాను, ఇంతమందికి కుట్టావు, నీకొక బ్యాగు లేదేమన్నా అని. "ఇరవై ఎనిమిదేండ్లు లోపలికి మోసినాను. ఇప్పుడు చేతులూపుకుంటా పోతా ఉంటే ఎంత సుకంగా ఉండాది!" అన్నాడు.

నా మిగతా మాటలకు నేను హామీ ఉండలేను. మేస్త్రీ చొక్కా కథకు ఇప్పుడు మేస్త్రీ పెళ్ళాం కూడా వచ్చి చేరింది. కానీ రైల్లో ఎవరైనా నా బ్యాగు కోసం చెయ్యి చాపితే, ఇచ్చేముందు లోపల ఏముందో చెప్పి మరీ ఇస్తాను. "ముద్ద, సారు, స్పానర్లు, బీపీ మాత్రలు ఉండాయప్పా. బరువుంటాది. నిలువుగా పెట్టుకో." వాళ్ళు కాళ్ళు సర్దుకుని, సరిగ్గా పట్టుకుంటారు.