హాజరు పట్టీలో లేని పిల్ల

మా స్కూలు వార్షిక సంచికలో ‘ఇటీవలి విజయాలు’ అనే పేజీ పదేళ్లుగా నేనే రాస్తున్నాను. ఇంగ్లీషు మీడియం స్కూల్లో తెలుగు టీచరుకు దక్కే గౌరవాల్లో అదొకటి. చిత్రలేఖనం పోటీకి మా పిల్లలు నలుగురు వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తే నేను ‘పాల్గొన్నారు’ అని రాసేదాన్ని. కరస్పాండెంట్ గారు, అంటే మా స్కూలు యజమాని, ఆ మాట కొట్టేసి ‘ప్రతిభ కనబరిచారు’ అని దిద్దేవారు. మూడో ఏటి నుంచి ఆయనకు ఆ శ్రమ లేకుండా నేనే అలా రాసిచ్చేస్తున్నాను. క్రిస్మస్‌కు స్టేజి మీద కట్టిన నక్షత్రం, వినాయక చవితికి పిల్లలు చేసిన మట్టి బొమ్మలు, తాతయ్యలూ అమ్మమ్మలూ కుర్చీలాట ఆడిన రోజు, అన్నీ ఆ పేజీలో ఉంటాయి. అన్నిటికన్నా పైన, లావు అక్షరాల్లో, పదో తరగతి ఫలితం: నూటికి నూరు శాతం. ఆ నూరు ఎలా వస్తుందో నాకు తెలుసు. ఒక పిల్ల విషయంలో అందులో నా చెయ్యి కూడా ఉంది. సంచికలో రాయలేనిది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది గోదావరి గట్టు దగ్గర ఊరు. మే నెల వస్తే లోకంలో టీచర్లందరికీ సెలవులు, ప్రైవేటు స్కూలు టీచర్లకు మాత్రం కాన్వాసింగ్. కరపత్రాలు పట్టుకుని, కొంగు నెత్తిన వేసుకుని, ఎండలో ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్పించాలి. ఒక్కొక్కరం ఎంతమందిని తేవాలో ముందే చెప్పేస్తారు. అలా ఆరేళ్ల కిందట గట్టు కింద జాలర్ల పేటలో ఒకింటికి వెళ్లాను. ఆ ఇంటావిడ బజార్లో చేపలమ్ముతుంది. భర్త వలకు యానాం వైపు వెళ్తే నాలుగైదు రోజులకు గానీ రాడు. ఒక్కతే కూతురు, సర్కారు బడిలో నాలుగో తరగతి పూర్తి చేసింది. నేను అరుగు మీద కూర్చుని వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగి గంటసేపు మాట్లాడాను.

“మీరేం బెంగ పెట్టుకోకండి. నేనున్నాను కదా. మీ పిల్ల నా పిల్లనుకోండి” అన్నాను.

“మేడమ్ గారే మాటిత్తన్నారు, ఇంకేం కావాలండి మాకు” అందావిడ.

కాన్వాసింగ్‌లో అందరికీ చెప్పే మాటే అది. ఆవిడ మాత్రం దాన్ని నిజంగానే మాటగా తీసుకుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మే నెలలో ఆవిణ్ణి ‘మీరు’ అన్నాను. జూన్‌లో పిల్ల చేరిపోయాక ‘నువ్వు’ అనేశాను. ఆవిడకు అది పట్టింపు కాలేదు. నాకూ అప్పుడు తోచలేదు.

ఆ పిల్ల చురుకైనది. పద్యం రెండుసార్లు వింటే అప్పజెప్పేసేది. వాళ్లమ్మ ఏటా గోదావరికి వరద ఎర్రనీళ్లు రాగానే, పులస చేప పడిందంటే, నాకో ముక్క ఆకులో చుట్టి పంపేది. వద్దంటే వినేది కాదు. ఒక ఏడు కరస్పాండెంట్ గారికి ఏకంగా చేపే పంపింది. ఆయన ఇంట్లో బెండకాయలు వేసి పులుసు పెట్టించుకుని తిని, మర్నాడు ప్రార్థన సమయంలో ‘తల్లిదండ్రులూ మనమూ ఒకే కుటుంబం’ అని ప్రసంగించారు.

పిల్ల పదో తరగతికి వచ్చిన ఏడు, సరిగ్గా పులసల రోజుల్లో, వాళ్లమ్మ రేవు మెట్ల మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఏడాది మొత్తంలో వాళ్లకు నాలుగు డబ్బులు కూడేది ఆ రోజుల్లోనే. నెలన్నర పాటు బజార్లో చేపల తట్ట దగ్గర ఆ పిల్లే కూర్చుంది. కొన్నాళ్లు అసలు రాలేదు, కొన్నాళ్లు మధ్యాహ్నం వచ్చింది. మొదటి రెండు పరీక్షల్లో లెక్కలు తప్పింది. ఎందుకు తప్పిందో స్టాఫ్ రూములో అందరికీ తెలుసు.

దసరా సెలవులయ్యాక కరస్పాండెంట్ గారు మమ్మల్ని పిలిచి ఒక కాగితం తీశారు. పబ్లిక్ పరీక్షకు ఏ స్కూలు నుంచి ఎవరెవరు రాస్తున్నారో పేర్లు పంపే రోజులవి. పాసవుతారో లేదోనన్న అనుమానం ఉన్న పిల్లల్ని ఆయన ‘రిస్క్’ అంటారు. పక్క మండలంలో ఆయన బావమరిది నడిపే చిన్న బడి ఒకటుంది. రిస్క్ పిల్లలకు మా దగ్గర టీసీ ఇచ్చేసి, పేర్లు ఆ బడిలో రాయిస్తారు. పిల్లలు మాత్రం చివరిదాకా మా క్లాసులోనే, మా యూనిఫామ్‌లోనే కూర్చుంటారు. తప్పితే ఆ బడి లెక్కలో తప్పుతారు. ఆ బడి ఫలితం ఎంతని ఈ లోకంలో ఎవరూ అడగరు. ఆ ఏడు రిస్క్ పిల్లలు నలుగురు తేలారు. మూడో పేరు ఆ పిల్లది.

“ఎవరు తెచ్చిన అడ్మిషన్ వాళ్లే వెళ్లి మాట్లాడుకోవాలండి” అన్నారాయన. మా స్కూల్లో అదే పద్ధతి. తెచ్చినవాళ్లే సాగనంపాలి.

“సార్, వాళ్లమ్మ చెయ్యి విరిగి రాలేదండి ఆ పిల్ల. ఇప్పుడు రోజూ వస్తోంది కదండి” అన్నాను.

“నిజమేనండి మేడమ్ గారూ. కానీ ఫ్లెక్సీ మీద ‘చెయ్యి విరిగింది’ అని వేయించలేం కదండి.”

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, అదీ నా మీదే. నాకు యాభై దాటాయి. ఈ వయసులో ఇంకో స్కూలు నన్ను తీసుకోదని భయం. అంతకన్నా గొప్ప కారణం వెతికినా దొరకదు.

మర్నాడు పొద్దున్నే బజారుకు వెళ్లాను. ఆవిడ తట్ట ముందు కూర్చుని కట్టు విప్పిన చేత్తోనే చేప పొలుసు తీస్తోంది. నన్ను చూసి పీట జరిపింది. నేను కాగితం తీసి చెప్పడం మొదలుపెట్టాను. పరీక్ష ఒకటే, సర్టిఫికెట్టూ ఒకటే అన్నాను. పేరు మాత్రం ఇంకో బడిలో ఉంటుంది, కూర్చునేది మా దగ్గరే అన్నాను. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. వంచన చెయ్యడానికి అబద్ధమాడక్కర్లేదని ఆ పూట నేర్చుకున్నాను.

ఆవిడ అంతా విని, “మా పిల్ల సరిగ్గా సదవట్లేదాండి?” అని ఒక్కటే అడిగింది.

“అబ్బే, అదేం లేదమ్మా.”

“అయితే మీరు సెప్తే పెట్టేత్తానండి. మీకు తెలీందేముంది” అంటూ చెయ్యి కొంగుకు తుడుచుకుంది. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. పొలుసొకటి కాగితానికి అంటుకుంటే నేనే గోటితో తీసేశాను.

హాజరు పట్టీలో ఆ పిల్లది పదిహేడో నంబరు. నేనే క్లాసు టీచర్ని కాబట్టి ఎర్ర సిరాతో గీత కూడా నేనే కొట్టాను. మర్నాడు పదహారు పిలిచి పద్దెనిమిది అనేసరికి, మధ్యలో ఆ పిల్ల అలవాటు కొద్దీ లేచి “ప్రెజెంట్ మేడమ్” అంది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నేను తలెత్తలేదు. మరో రెండు రోజులు అలాగే లేచింది. తర్వాత మానుకుంది.

ఒకరోజు సెలవు చీటీ ఎలా రాయాలో చెప్పి, క్లాసయ్యాక బయటికొస్తుంటే ఆ పిల్ల వెంట వచ్చింది.

“మేడమ్, నేను సెలవు పెట్టాలంటే చీటీ ఎవరికి రాయాలండి?”

“నాకే రాయి. ఇంకెవరికి?”

“మీ రిజిస్టర్లో నేను లేను కదండి.”

వెటకారం కాదు. నిజంగా తెలియకే అడిగింది. పరీక్షలో అడుగుతారేమోనన్నట్టు నా మొహంలోకి చూసింది. “బెల్లు కొట్టారు, క్లాసుకెళ్లు” అన్నాను. ఆ తర్వాత ఆ పిల్ల ఒక్కరోజు కూడా స్కూలు మానలేదు. ఎందుకు మానలేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పరీక్షల ముందు మా పదో తరగతిని బస్సులో అన్నవరం తీసుకెళ్లడం ఆనవాయితీ. పెన్నులన్నీ ఒక పళ్లెంలో పోసి స్వామి దగ్గర పెట్టి పూజ చేయించి పిల్లలకు పంచుతారు. తిరిగొచ్చాక పాస్టరు గారొచ్చి హాల్ టిక్కెట్ల మీద ప్రార్థన చేస్తారు. ఏ మతం వాళ్లూ నొచ్చుకోకుండా కరస్పాండెంట్ గారు అలా ఏర్పాటు చేశారు. కొండ మీద మెట్ల దగ్గర గ్రూపు ఫోటో తీసి పత్రికలకు పంపుతారు. ఆ ఫోటోలో తలలు ఎవరైనా లెక్కపెడితే పరీక్ష రాసినవాళ్ల కన్నా నలుగురు ఎక్కువ రాకూడదు కదా. అందుకని ఆ నలుగురినీ బస్సెక్కించలేదు. మాది లూథరన్ కుటుంబం, కొండకు నేనెప్పుడూ వెళ్లను, ఏటా స్కూల్లోనే ఉంటాను. ఆ రోజు ఆ నలుగురితో ఖాళీ క్లాసులో కూర్చున్నాను. ముగ్గురు కిటికీలోంచి రోడ్డు చూస్తూ గడిపారు. ఆ పిల్ల మాత్రం లెక్కల పుస్తకం తీసి, సాయంత్రం దాకా తల ఎత్తకుండా చేసుకుంది. నేను ఆ ఏడాది దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని చదివించానని రాయాలని ఉంది. కానీ చదివించలేదు. దాన్ని చూస్తే నాకు తప్పించుకుపోవాలనే ఉండేది.

తెలుగు పరీక్ష రోజు ఆ బడి వాళ్ల సెంటరుకు నేను తోడు వస్తానని వాళ్లమ్మకు చెప్పాను. సెంటరు పక్క మండలంలో, రెండు ఆటోలు మారాలి. తీరా ఆ పొద్దున మా సెంటరు గేటు దగ్గర స్కూలు బ్యానరు కట్టి పిల్లలకు మజ్జిగ పంచాలని ఆర్డరొచ్చింది. నేను మజ్జిగ పంచాను. నా క్లాసులో నా సబ్జెక్టు అందరికన్నా బాగా చదివిన పిల్ల ఒక్కతే ఆటోలో వెళ్లింది.

ఏప్రిల్లో ఫలితాలొచ్చాయి. మా స్కూలుకు ఎప్పటిలాగే నూరు. రిస్క్ అన్న ఆ పిల్లకు ఆరు వందలకు ఐదు వందల అరవై పైన వచ్చాయి. మా స్కూలు మొత్తంలో అంతకన్నా ఎక్కువ తెచ్చుకున్నవాళ్లు ఇద్దరే. నాకు ముందు పట్టలేనంత సంతోషం కలిగింది. ఆ వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. గంట తిరక్కుండా కరస్పాండెంట్ గారు పిలిచారు.

“మన పిల్లే కదండి! ఐదో తరగతి నుంచీ మన దగ్గరే చదివింది. మూడో ర్యాంకుగా ఫ్లెక్సీలో వేసేద్దాం” అన్నారు.

“పేరు ఆ బడిలో ఉంది కదండి.”

“ఎవరు చూడొచ్చారండి? మీరు తెచ్చిన అడ్మిషనే కదా, మీరే వెళ్లి ఫోటో పట్రండి.”

ఆఫీసంతా వెతికినా ఆ పిల్ల ఫోటో ఒక్కటీ దొరకలేదట. ఎలా దొరుకుతుంది? ఆ ఏడాదంతా దాన్ని ఏ ఫోటోలోనూ నిలబెట్టలేదు. వెళ్లనని అక్కడే అనాల్సింది. నోటి చివరిదాకా వచ్చింది కూడా. సరేనండి అన్నాను.

గట్టు దిగి వాళ్లింటికి వెళ్లేసరికి తల్లీ కూతుళ్లిద్దరూ గుమ్మంలోనే ఉన్నారు. ఆవిడ మొహం వెలిగిపోతోంది. నా చేతిలో మిఠాయి పెట్టి, కూతుర్ని నా కాళ్లకు దణ్ణం పెట్టమంది. పిల్ల వంగింది. నేను వెనక్కి జరిగాను. వచ్చిన పని చెప్పాను. ఆవిడ మిఠాయి పొట్లం అరుగు మీద పెట్టి అడిగింది.

“మేడమ్ గారూ, తప్పుగా అనుకోకండి. ఆ రోజు బజార్లో, మా పిల్ల సదవట్లేదా అని అడిగితే లేదన్నారు మీరు. మరి బాగా సదివే పిల్లని ఎందుకు తీసేసినట్టండి?”

ఏం చెప్పాలి? కరస్పాండెంట్ గారి పేరు చెప్పొచ్చు. స్కూళ్లన్నీ ఇంతే అని చెప్పొచ్చు. “నాదే తప్పండి” అన్నాను. దాదాపు ఆరేళ్ల తర్వాత మళ్లీ ఆవిణ్ణి ‘అండి’ అన్నాను. ఆవిడ కంగారుపడి, “అయ్యో, అంతమాటెందుకండి, ఫోటోయే కదండి” అంటూ కూతురి వైపు చూసింది.

పిల్ల లోపలికి వెళ్లి హాల్ టిక్కెట్టు తెచ్చింది.

“ఉన్న ఫోటోలన్నీ ఆ బడికి ఇచ్చేశామండి. ఇదొక్కటే ఉంది, దీని మీద.”

మడతలు పడ్డ కాగితం. మూల ఫోటో, మా స్కూలు యూనిఫామ్‌లో. దాని కిందే ఆ బడి పేరు అచ్చయి ఉంది. వాళ్లమ్మ కాగితం గాలికి లేవకుండా అరుగు మీద రెండు చేతులతో అదిమి పట్టుకుంది. నేను ఫోన్‌తో ఫోటో తీశాను. ఆ బడి పేరు పోయేలా స్క్రీన్ మీద వేలితో అంచు పైకి జరపడం మొదలుపెట్టాను. అద్దాలు తేవడం మర్చిపోయాను, సరిగ్గా ఆనలేదు. పిల్ల నా పక్కకొచ్చి ఫోన్‌లోకి వంగి చూసింది.

“ఇంకొంచెం పైకి జరపండి మేడమ్. ఆ పేరు ఇంకా కనిపిస్తోంది” అంది.

జరిపాను.