కొలకలూరు పిన్ని గొంతు

మా కొలకలూరు పిన్ని పోయింది. పోయిన మంగళవారం పొద్దున ఆవిడ కోడలు ఫోన్ చేసి చెప్పింది. రాత్రి మామూలుగానే అన్నం తిని పడుకుందట, తెల్లారి లేవలేదట. ఆ సమయానికి అంగలకుదురులో మా షెడ్డులో అప్పడాల పిండి రోకలి కింద ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి దంచుతున్నారు. చెయ్యెత్తి ఆపమన్నాను. సంగతి చెప్పాను. ఎవరూ ఏడవలేదు. ఒకామె రోకలి తీసి గోడకు ఆనించింది.

ఆవిడకూ నాకూ చుట్టరికం లేదు. కొలకలూరులో మా పుట్టింటికి రెండిళ్ళ అవతల ఆవిడ ఇల్లు. మా ఈడు వాళ్ళందరికీ పిన్నే. మీలో చాలామంది ఆవిడ గురించి విని ఉండరు. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు పెళ్ళిళ్ళలో భోజనం చేసినవాళ్ళయితే మాత్రం ఆవిడ అప్పడం ఒక్కటైనా తినే ఉంటారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో పన్నెండు మంది ఆడవాళ్ళతో ఆ పని నడిపింది. అందులో నేనూ ఏడేళ్ళు పనిచేశాను.

పిన్ని ఎప్పుడూ షెడ్డులో గుమ్మానికి ఎదురుగా కూర్చునేది. మమ్మల్ని వరసల్లో కూర్చోనిచ్చేది కాదు. పీటలన్నీ తన చుట్టూ గుండ్రంగా వేయించేది. గొంతు పెద్దది. ఆవిడ మాట్లాడితే రోడ్డు మీద పోయే సైకిలు ఆగేది. ఎవరైనా తల వంచుకుని ఏదైనా చెప్పబోతే, "నా మొహం చూసి చెప్పు" అనేది. కొత్తగా చేరినవాళ్ళు ఆ మాటకే సగం బెదిరిపోయేవాళ్ళు. కానీ ప్రతిరోజూ మొదటి అప్పడం కాల్చి కొత్తగా చేరినమ్మాయి చేతికే ఇచ్చేది. ఉప్పు ఎక్కువైందని ఆ పిల్ల అంటే, ఆ పిండి పక్కన పెట్టించి సరిచేయించేది. పాతవాళ్ళమైన మా నాలుకలు అరిగిపోయి ఉంటాయట, మాకు ఏదైనా బాగానే ఉంటుందట.

అప్పడాలు నీడలో ఎందుకు, ఎండలో పెడితే త్వరగా ఆరతాయి కదా అని ఒకసారి అడిగాను. "ఎండ పైపైన ఆరబెడుతుందే. నీడ లోపలిదాకా ఆరబెడుతుంది" అంది. ఆ తరవాత చాలా వాటి విషయంలో ఆ మాట గుర్తొచ్చింది.

మా అత్తగారికి కాలు పడిపోయినప్పుడు నేను అంగలకుదురులో అత్తవారింటికి వచ్చేయాల్సి వచ్చింది. పని మానేస్తున్నానని చెప్పడానికి వెళితే, మానటం ఎందుకు, అక్కడే సొంతంగా అప్పడాల పని పెట్టుకోమంది పిన్ని. నాకు మాట్లాడటం రాదు, నలుగురితో పని చేయించటం నావల్ల కాదు అన్నాను. ఏం వచ్చో ఏం రాదో పెట్టాక తెలుస్తుందిలే అంది. షెడ్డు తెరిచిన రోజు వచ్చి పొయ్యి వెలిగించి పాలు పొంగించింది. ఆరుగురు ఆడవాళ్ళు చేరారు. అంతకుముందే బాపట్లలో, సొంతంగా పనులు పెట్టుకునే ఆడవాళ్ళకు మూడు రోజుల తరగతులు జరిగితే వెళ్ళొచ్చాను. తల ఎత్తి నిలబడాలి, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి, గొంతు విప్పి మాట్లాడాలి అని ఒక మేడం చెప్పింది. నోటుపుస్తకంలో రాసుకున్నాను. రాసుకుంటుంటే ఇవన్నీ మా పిన్ని చేసేవే కదా అనిపించింది. ఇక నాకు వేరే ఆలోచన లేకపోయింది. పిన్నిలా ఉంటే చాలు.

గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాను. పీటలు గుండ్రంగా వేయించాను. కొంగు నడుముకు బిగించి, పిన్ని అరిచినట్టే అరవటం మొదలుపెట్టాను. ఇంటికి వచ్చేసరికి గొంతు బొంగురుపోయేది. మిరియాల పాలు తాగి మర్నాడు మళ్ళీ అరిచేదాన్ని.

ఆరుగురిలో మస్తాన్‌బీ పనిమంతురాలు. తెనాలి నుంచి నడిచి వచ్చేది. తల వంచుకుని, ఏదో కూనిరాగం తీస్తూ, మిగతావాళ్ళు రెండు ఒత్తేలోగా మూడు ఒత్తేది. ఒకరోజు పూర్తిగా ఆరకముందే అప్పడాలు దొంతర పెట్టేసింది. మర్నాటికి అడుగున బూజు పట్టింది. అందరి ముందూ కేకలేశాను. ఆమె తల వంచుకుని ఏదో చెప్పబోయింది. "నా మొహం చూసి చెప్పు" అన్నాను.

మస్తాన్‌బీ తలెత్తి చూసింది. "చూశానక్కా. పిన్నిగారు పాలు పొంగించిన రోజు అరిస్తే పని చెయ్యాలనిపించింది. మీరు అరుస్తుంటే ఇంటికి పోవాలనిపిస్తోంది" అంది.

అని ఇంటికి పోయింది. మర్నాడు రాలేదు. ఆమెతో పాటు ఇంకో ముగ్గురు రాలేదు. ఇద్దరు మిగిలారు. రేపల్లెలో ఒక కేటరింగ్ ఆయనకు పెళ్ళి ఆర్డరు ఒప్పుకుని ఉన్నాను, అప్పటికి ఎనిమిది రోజులే ఉంది. మేం తీసుకున్న మొదటి పెద్ద ఆర్డరు అది. అది తప్పితే ఆయన మళ్ళీ పిలవడు. షెడ్డు మూతపడుతుంది. మా బావగారు అప్పటికే అందులో ఎరువుల బస్తాలు వేసుకుంటానని అడుగుతున్నారు. మళ్ళీ ఇంకొకరి దగ్గర పనికి పోవటం నాకు నామోషీ కాదు. కానీ నన్ను నమ్మి వచ్చినవాళ్ళ పని నా నోటి వల్ల పోతుందే అన్నది మింగుడుపడలేదు.

ఆటో ఎక్కి కొలకలూరు వెళ్ళాను. పిన్ని ఒక్కతే చాపల మీద అప్పడాలు తిరగేస్తోంది. ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పాను. నేను ఎలా కూర్చున్నానో, ఎలా అరిచానో అన్నీ చెప్పాను. పిన్ని విని విని నవ్వటం మొదలుపెట్టింది. చేతిలో అప్పడం విరిగేదాకా నవ్వింది. నాకు కోపం వచ్చింది. తరవాత లేచి వెళ్ళి, షెడ్డు బయట ఎవరూ లేరని చూసి వచ్చి కూర్చుంది.

"నాకు చెవుడే" అంది.

నాకు అర్థం కాలేదు.

"పెళ్ళైన కొత్తల్లోనే రైస్ మిల్లులో పనికెళ్ళా. పదిహేనేళ్ళు ఆ మోతలో ఉన్నా. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది సగం. నా గొంతు నాకు వినపడక అరుస్తానే నేను. మీ మూతులు కనపడితే తప్ప మాట తెలీదు, అందుకే మొహం చూడమంటా. అందుకే చుట్టూ కూర్చోబెట్టుకుంటా. ఏడేళ్ళు నా దగ్గరుండి పని నేర్చుకోవే అంటే, నా చెవుడు నేర్చుకుని పోయావా?"

ఏడేళ్ళు పక్కనే ఉండి కనిపెట్టలేదా అని మీరు అడగొచ్చు. రోకలి పోటు పడేచోట అందరం గట్టిగానే మాట్లాడుకునేవాళ్ళం. వెనకనుంచి పిలిస్తే పలక్కపోతే ఏదో ఆలోచనలో ఉంది అనుకునేవాళ్ళం. రెండోసారి పిలిచే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. చెవిటిదని తెలిస్తే బేరానికి వచ్చినవాడు ఒకటి చెప్పి ఇంకోటి చెప్పానంటాడని ఆవిడ భయం. ఇప్పుడు ఇది రాయొచ్చా అని కోడలిని అడిగాను. ఇంకెవరు మోసం చేస్తారండీ, రాయండి అంది.

ఒక్కసారి అంగలకుదురు వచ్చి మా వాళ్ళతో మాట్లాడమని ఆరోజు పిన్నిని బతిమాలాను. రానంది. తను వస్తే వాళ్ళు తన మొహం చూసి వస్తారు, ఆ తరవాత ఎవరి మొహం చూసి ఉంటారు అంది. మళ్ళీ తనే అడిగింది, "ఇంట్లో నీ కూతురు తప్పు చేస్తే ఎట్టా చెబుతావే?"

"పక్కన కూర్చుని చెబుతాను."

"మరి వీళ్ళకేం, వీళ్ళు దూరంగా ఉన్నారా?"

అంతే చెప్పింది. టీ ఇచ్చి పంపింది.

మస్తాన్‌బీ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి తాడు మీద దుప్పటి సర్దుతూ ఉండిపోయింది. నేను కూడా ఒక దుప్పటి అందుకుని రెండో కొస ఆమెకిచ్చాను. ఇద్దరం మెలిపెట్టి నీళ్ళు పిండి ఆరేశాం. నాకు అరవటం రాదని, ఇకమీదట ఏదైనా ఉంటే పక్కకు వచ్చి చెబుతానని, నాది తప్పయితే ఆమె కూడా అలాగే చెప్పాలని అన్నాను. బూజు పట్టిన రోజు ఏం చెప్పబోయావని అడిగాను. షెడ్డుకు పడమటి వైపు గాలి తగలదని, ఆ మూల పెట్టినవి ఒకరోజు ఎక్కువ ఆరాలని చెప్పబోయానంది. నేను ఆ మాట విని ఉంటే ఆ గొడవే లేదు.

"అయితే పాడుకోవచ్చా అక్కా?" అంది.

పాడుకోమన్నాను.

మర్నాడు వచ్చింది. ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. నాలుగో ఆమె రాలేదు, ఎన్నడూ రాలేదు. తెనాలి బజారులో ఎదురుపడితే ఇప్పటికీ పలకరించుకుంటాం, అంతే. ఐదుగురితో గడువుకు మొత్తం సరుకు అందదని తేలిపోయింది. ఫోన్‌లో చెప్పే పని కాదని రైలెక్కి రేపల్లె వెళ్ళాను. కేటరింగ్ ఆయన వంటశాలలో పెద్ద గ్రైండరు తిరుగుతోంది. పెళ్ళికి ముందురోజు ప్రధానం భోజనాలకు సగం ఇస్తాను, మిగతా సగం పెళ్ళినాడు పొద్దున్నే తెచ్చి అప్పజెబుతాను అని చెప్పాను. ఆయనకు వినపడలేదు.

"ఏంటమ్మా, గట్టిగా చెప్పు."

ఎప్పటిలా అయితే అరిచేదాన్ని, లేకపోతే తిరిగి వచ్చేసేదాన్ని. ఇంకో రెండడుగులు దగ్గరికి వెళ్ళి అదే మాట అదే గొంతుతో చెప్పాను. ఆయన కుర్రాడికి సైగ చేసి గ్రైండరు ఆపించాడు. మూడోసారి చెప్పాను. ముందే ఒప్పుకోకుండా ఉండాల్సిందని సణిగాడు. నిజమేనండి అన్నాను. సరే, పెళ్ళినాటి సరుకు ఆలస్యమైతే మాత్రం ఊరుకోను అన్నాడు. ఆలస్యం కాలేదు. ఇప్పటికీ మా దగ్గరే తీసుకుంటున్నాడు.

ఆ తరవాత పిన్ని ఏడాదికి రెండుమూడు సార్లు మా షెడ్డుకు వచ్చేది. వచ్చి ఒక వారన కూర్చునేది. మా పీటలు వరసల్లో ఉండేవి. నేను ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి తిరుగుతూ ఉండేదాన్ని. "నీ షెడ్డులో నాకు ఒక్క మాట వినపడి చావదు. పని మాత్రం జరుగుతోంది" అని వెళ్ళిపోయేది. అంతకంటే మెచ్చుకోవటం ఆవిడకు అలవాటు లేదు. నేనూ అడగలేదు.

పోయినేడు కొడుకు చెవికి మిషను కొనిచ్చాడు. అది పెట్టుకుని మొదటిసారి షెడ్డులోకి వెళ్ళిన రోజు రోకలి చప్పుడుకు అదిరిపడి, ఇంత మోతని తెలిస్తే ఈ పనే పెట్టేదాన్ని కాదందట. ఆ తరవాత మిషను టీవీ చూసేటప్పుడే పెట్టుకునేదట. గొంతు మాత్రం తగ్గించలేదు. అప్పటికి అది ఆవిడ గొంతే అయిపోయింది.

మంగళవారం నేను బయల్దేరుతూ, ఇవాళ్టికి పని చాలించి ఇళ్ళకు వెళ్ళమని మా వాళ్ళకు చెప్పాను. కొలకలూరులో పిన్నిని వాకిట్లో పడుకోబెట్టారు. ఆవిడ దగ్గర పనిచేసినవాళ్ళు, చేసి మానేసినవాళ్ళు, సొంతంగా పెట్టుకున్నవాళ్ళు వచ్చారు. మాలో చాలామందికి ఒకరికొకరు తెలియదు. పదకొండు గంటలకు తీసుకెళ్ళిపోయారు. నేను ఇంటికి వచ్చి తలస్నానం చేసి, ఇంత తిని, షెడ్డు తాళం వేశారో లేదో చూద్దామని వెళ్ళాను.

తలుపులు తీసే ఉన్నాయి. ఎవరూ ఇళ్ళకు వెళ్ళలేదు. దంచిన పిండి సాయంత్రానికి పులిసిపోతుందని మస్తాన్‌బీ అందరినీ ఆపేసింది. తను మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, పిండి కణికను దారంతో ముక్కలుగా కోసి ఒక్కొక్కరి ముందుకూ తోస్తోంది. పని మందగించినామెను, పెళ్ళిచూపులకు వచ్చావా వదినా, కాఫీ కూడా ఇమ్మంటావా అని ఆటపట్టిస్తోంది. మధ్యమధ్యలో పాట. పిన్ని అలా ఎప్పుడూ చేసేది కాదు. నాకయితే ఏ జన్మకూ రాదు. పని మాత్రం చకచకా సాగిపోతోంది.

నన్ను చూసి మస్తాన్‌బీ లేవబోయి, మళ్ళీ కూర్చుంది. ఖాళీగా ఉన్న పీట చూపించింది. వెళ్ళి కూర్చున్నాను. నా ముందు నాలుగు ముక్కలు పెట్టింది. నూనె అద్ది మొదటిది ఒత్తాను. కాసేపటికి మస్తాన్‌బీ వచ్చి పక్కన కూర్చుంది. నేను ఒత్తిన అప్పడాన్ని రెండు వేళ్ళతో తీసి కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. ఎండ నడిమిలోంచి పలచగా వచ్చింది, అంచు దగ్గర ఆగిపోయింది.

"ఈ పక్క కాస్త మందంగా ఉందక్కా" అంది, నాకు మాత్రమే వినపడేటట్టు.

అప్పడం మళ్ళీ పీట మీద వేశాను.