ఫోన్ తీగ మీద వెలిగిన బల్బు

ఫోన్ తీగ నుంచి కరెంటు లాగి బల్బు వెలిగించుకున్న మీరంతా దొంగలే. మా నాన్న కూడా దొంగే. పొద్దున అటక మీద దొరికిన మా పాత ఫోనుకు ఆ చిన్న బల్బు ఇంకా వేలాడుతోంది.

కోరుట్లలో మా వాడకంతా ఒకటే ఫోను, మాది. సాయంత్రం కరెంటు పోతే అమ్మ ఆ బల్బు వెలుగులోనే బీడీలు చుట్టేది. చేటలోని తునికాకు వాసన మీకూ గుర్తుందా?

ఒక శుక్రవారం పక్కింటి జరీనా చిన్నమ్మ దుబాయిలో ఉన్న భర్త ఫోను కోసం వచ్చి కూర్చుంది. ఎంతకీ మోగలేదు.

"మా ఆయన మర్శిండేమో అక్కా," అంది.

నాన్న మెల్లగా అమ్మతో అన్నాడు, "బల్బు ఎలిగినంతసేపు బయటి ఫోను రాదే."

"గీ ముచ్చట గిప్పుడా చెప్పేది? మర్శింది గాయన గాదు, నువ్వు!" అంటూ అమ్మ బల్బు తీగ పీకేసింది.

కాసేపటికి చీకట్లో ఫోను మోగింది. చిన్నమ్మ నవ్వుతూ ఏడుస్తూ మాట్లాడుతుంటే, అమ్మ చేట ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

సర్కారు కరెంటే కదా, ఎవరికి నష్టం అంటారా? చిన్నమ్మకు. అయినా, బీడీలు చుట్టే వాడకే రోజూ కోత పెట్టినవాళ్లు మా నాన్న కంటే పెద్ద దొంగలు.

నా డిమాండ్లు ఇవి:

రెక్కల కష్టం మీద బతికే వాడలకు కరెంటు కోయకండి.
పదిమంది వాడుకునే తీగను ముట్టుకునే ముందు ఆ పదిమందినీ అడగండి.
మా నాన్నను దొంగ అనే హక్కు నాకొక్కడికే వదిలేయండి.