మునిరత్నమ్మ చుట్టకుదురు

కుప్పం స్టేషనుకు పొద్దున బెంగళూరు పాసింజరు వచ్చేసరికి మునిరత్నమ్మ బీన్సు గంపలు రెండూ ప్లాట్‌ఫారం చివర వరసలో ఉండేవి. పద్దెనిమిదేళ్లుగా అంతే. ముందొచ్చినవాళ్ల గంప ముందు లగేజీ పెట్టె ఎక్కుతుంది. టీ తాగడానికి పోవాలంటే తలమీది చుట్టకుదురు తీసి తన చోట పెట్టిపోతే చాలు, ఎంత తొందరలో ఉన్నవాళ్లయినా దాన్ని కదిలించరు. వానొస్తే కూలీ జయరత్నం ఆ గుడ్డచుట్ట తడవకుండా తన గోనెసంచి కప్పేవాడు. గంప ఎత్తేముందు ప్రతిసారీ పెదవులు కదిపి ప్రభువును తలచుకునేవాడు.

2003లో గోడమీద కాగితం అంటించారు. లగేజీ పెట్టెను టెండరుకు ఇస్తారట. జయరత్నమే చదివి చెప్పాడు.

"ఎవురైనా రావచ్చునంటమ్మా. పోటీ అంట."

"ఎవురైనా అంటే మనమూ కదప్పా! ముందు పోయినోళ్లదే."

కాగితంలోని తేదీన మునిరత్నమ్మ గంగమ్మకు మొక్కుకుని, అందరికంటే ముందు వచ్చి స్టేషను మాస్టరు గది ముందు చుట్టకుదురు పెట్టింది. దాని వెనక మరో పదకొండు. పొద్దెక్కాక మాస్టరు వచ్చాడు. టెండరు కవర్లు వేసేది ఎక్కడో పెద్దాఫీసులోననీ, పెట్టె మొత్తం పాడుకోగలిగినవాళ్లకే ఈ పోటీ అనీ చెప్పాడు. చెప్పడానికి ఆయనకే మనసు రాలేదు. అందరికీ టీ తెప్పించాడు.

పెట్టె మదనపల్లె, పుంగనూరు టమోటా లారీలు నడిపే ఒక ఆసామికి దక్కింది.

మొదటిరోజే ఆసామి మనిషి హనుమంతు పెట్టె ముందు నిలబడి గంపలను పక్కకు నెట్టించాడు. లోపల నాలుగు టమోటా బుట్టలు. తక్కినదంతా ఖాళీ.

"ఇంత సోటుండాదే! మా గంపలెక్కితే నీకేం పోతాది?" అంది మునిరత్నమ్మ.

"మా లారీలో ఏసుకోమ్మా. రైలైనా లారీ అయినా ఇంక మాదే."

"నీ లారీ బెంగళూరు సేరేది మజ్జానం. మార్కెట్టు ముగిసినాంక నా బీన్సు ఎవురు కొంటారు, మీ యజమానా?" ఆమె గొంతు ప్లాట్‌ఫారం అంతా వినబడింది. "మీ లారీకి గిరాకీ కావాలని ఖాళీకి తాళమేస్తారా? ఈ మాట ఇంటికి పోయి మీ అమ్మతో సెప్పగలవా రా?"

హనుమంతు తలుపు మూసి తాళం వేశాడు. పోతూ పోతూ వరసలో ఉన్న ఆమె చుట్టకుదురును కాలితో తన్నాడు. అది ప్లాట్‌ఫారం అవతలి పట్టాలమీద పడింది.

జయరత్నం దిగి తెచ్చి, దుమ్ము దులిపి ఆమె చేతికిచ్చాడు. బండి కూత వేసింది. జనరల్ పెట్టెలోంచి ఒక ముసలామె పిలిచింది: "ఈడ పెట్టు తల్లీ, నేను కాళ్లు ముడుసుకుంటాలే." ఎవరెవరివో చేతులు గంపలు రెండింటినీ లోపలికి లాగాయి.

మునిరత్నమ్మ వెంటనే ఎక్కలేదు. వెనక్కి పోయి, తాళం వేసిన తలుపు ఎదురుగా చుట్టకుదురు పెట్టింది.

"నా వరస ఈడే ఉండాది. రేపొస్తా. తీసి సూడు!" హనుమంతుకు వినబడేలా అరిచి బండెక్కింది.

ఆ రోజు బెంగళూరులో ఉత్త తలమీదే గంపలు మోసింది. నడినెత్తి మండింది. కోపం అంతకంటే మండింది.

మర్నాడు చుట్టకుదురు అక్కడే ఉంది. రాత్రి వాన పడినట్టుంది, దానిమీద జయరత్నం గోనెసంచి కప్పి ఉంది. మునిరత్నమ్మ గంపలు దాని వెనకే దించి, నడుముకు కొంగు బిగించి, బండి వచ్చే వైపు చూస్తూ నిలబడింది.